ఐదు తూటాలకు లెక్క ఉంది, 1969 తూటాలకు లేదా?

(విద్యార్థులు, ఉద్యోగుల సభలో 1969 నాటి విద్యార్థుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



అరవై తొమ్మిది గురించి మాట్లాడమని పిలిచారు. ఈ మాటలు మేం నలుగురం కూర్చొని రాసుకున్నవి. మాలో ఒకరు చదువుతున్నారు, గొంతు పోతే ఇంకొకరు అందుకుంటారు. నాయకుల గురించీ జైళ్ల గురించీ ఇదివరకే చాలామంది చెప్పారు. మేం ఇవాళ ఒక చిన్న వస్తువు గురించి చెప్పదలచుకున్నాం. అది తూటా. అందులోనూ అన్నిటికంటే చిన్నది, పాయింట్ టూ టూ తూటా. మా వయసు వాళ్లకు తుపాకితో మొదటి పరిచయం దాంతోనే అయింది. ఇంత ఉద్యమం గురించి చెప్పాల్సి ఉండగా ఈ గింజంత తూటా ముచ్చట ఎందుకని మీకు అనిపించవచ్చు. కొంచెం ఓపిక పట్టండి.

1962 చైనా యుద్ధం తర్వాత కాలేజీల్లో ఎన్‌సీసీ నిర్బంధం చేశారు. 1968లో ఇష్టమున్న వాళ్లకే అన్నారు గానీ, మేం పీయూసీలో చేరేనాటికి తప్పించుకునే దారి లేదు. ఖాకీ నిక్కరు, కాళ్లకు నాడాలు కరిచిపెట్టే బూట్లు, వారానికి రెండు పరేడ్లు. పరేడ్ తర్వాత పెట్టే నాష్తా కోసమే పోయిన వాళ్లం మాలో ఇద్దరం ఉన్నాం, దాచుకోవడం ఎందుకు! మాకు డ్రిల్లు నేర్పిన హవల్దారును ఉస్తాద్ అనేవాళ్లం. గఢ్వాల్ మనిషి. మేం మొదట మన గద్వాల అనుకొని తెలుగులో మాట్లాడితే మా ముఖాలకేసి వింతగా చూశాడు. ఆయనది హిమాలయాల గఢ్వాల్ అని తర్వాత తెలిసింది.

ఏడాదికి ఒక్కసారి ఫైరింగ్. ఊరి బయట మట్టికట్ట ముందు బోర్డులు, ఇరవై ఐదు గజాల దూరం, నేల మీద పరిచిన దరీలు, ఇసుక మూటలు. ఒక్కొక్కరికి ఐదు తూటాలు. ఐదంటే ఐదే. వాటి కోసం మేం ఏడాదంతా చెక్క రైఫిళ్లు మోశాం.

ఆ తూటాను మొదటిసారి అరచేతిలో పెట్టుకున్నప్పుడు మాకు నవ్వొచ్చింది. చిటికెన వేలి గోరంత లావు కూడా లేదు. దాని గుండు బరువు రెండున్నర గ్రాముల పైచిలుకు, అంటే పాత లెక్కలో పావు తులం కూడా కాదు. ఈ రకం తూటా 1887లో అమెరికాలో తయారైంది. నాటి నుంచి ప్రపంచమంతటా గురి నేర్చుకునే వాళ్లకు ఇదే తొలి అక్షరం. కారణం చవక. పెద్ద తూటాల అడుగున నడిమధ్య ఒక చిన్న టోపీలాంటిది ఉంటుంది, సుత్తి దాన్ని కొడితే నిప్పు పుడుతుంది. ఈ చిన్నదానికి ఆ టోపీ వేరుగా లేదు. అడుగు అంచు మడతలోనే నిప్పుమందు దూర్చి పెడతారు. అంచు మీద దెబ్బ పడితే పేలుతుంది. పని తక్కువ, లోహం తక్కువ, మందు చిటికెడు. ఒకసారి పేలాక మళ్లీ నింపడానికి పనికిరాదు. పారేయవలసిన ఇత్తడి గొట్టం మాత్రం మిగులుతుంది.

పారేయవలసిందే. కానీ మా ఉస్తాద్ పారేయనివ్వలేదు. ఆ ఖాళీ గొట్టాన్ని ఆయన ఖోకా అనేవాడు. ఐదు తూటాలు తీసుకున్నవాడు ఐదు ఖోకాలు తిరిగి ఇవ్వాలి. టోపీలో వేసి తెస్తే ఆయన లెక్కపెట్టి రిజిస్టర్‌లో అంకె వేసి, పక్కన సంతకం తీసుకునేవాడు. "ఏక్ గోలీ, దో చాయ్" అనేవాడు. ఒక తూటా అంటే రెండు చాయ్‌ల ఖరీదు. మేం రేంజి మీద పది చాయ్‌లు తాగి వస్తున్నట్టు ఆయన లెక్క. ఇరానీ హోటల్లో ఒక చాయ్‌ని ఇద్దరం పంచుకునే పోరగాళ్లకు పది చాయ్‌లంటే మాటలా?

ఒక ఏడాది ఒక ఖోకా తగ్గింది. అరవై మందిమి ఉన్నాం. "ఖోకా గినో" అని మూడుసార్లు లెక్కపెట్టించాడు. మూడుసార్లూ ఒకటి తక్కువే. ఇక చూడండి. దరీలు దులిపించాడు, ఇసుక మూటలు లేపించాడు, మమ్మల్ని వరుసగా మోకాళ్ల మీద కూర్చోబెట్టి గడ్డి పరకా పరకా వెతికించాడు. నాష్తా చల్లారింది. పొద్దు గూకింది. లారీ డ్రైవరు హారన్ కొట్టీ కొట్టీ విసుగెత్తి ఊరుకున్నాడు. "ఉస్తాద్, ఖాళీ గొట్టమే కదా, పోతే పోనీ" అని మాలో ఒకడు నోరు జారాడు. ఆయన కోపం చేయలేదు. నిండు తూటా ఎటు పోయిందో చెప్పేది ఈ ఖాళీ గొట్టమేనని చెప్పాడు. ఖోకా లేకుంటే తూటా ఎవరి జేబులోనో ఉన్నట్టు, లేదా ఎవరి ఒంట్లోనో ఉన్నట్టు. చివరికి మడిచిన చొక్కా చేతి మడతలో దొరికింది. బోల్టు లాగినప్పుడు ఎగిరి అందులో పడింది. ఆ చొక్కావాడు ఇవాళ ఈ వేదిక మీదే ఉన్నాడు, పేరు చెప్పొద్దని బతిమాలుతున్నాడు.

ధర సంగతి కూడా చెప్పాలి. చాయ్ ధర మారినట్టే తూటా ధరా మారింది, అయితే అందరికీ ఒకేలా మారలేదు. క్యాడెట్‌కు వచ్చేది మన సర్కారీ ఆయుధ కర్మాగారాల సరుకు. ధర ఎంతైనా క్యాడెట్ జేబు నుంచి పోదు. కానీ ధర పెరిగినకొద్దీ చేతికొచ్చే తూటాలు తగ్గుతాయేమోనన్న భయం క్యాడెట్‌కు ఎప్పుడూ ఉంటుంది. పోటీల్లో వాడేది వేరు. అదే కొలత, అదే పేరు, కానీ ఇంగ్లండు నుంచో జర్మనీ నుంచో రావాలి. ప్రతి తూటా ఒకే వేగంతో పోవాలి కాబట్టి దాని ధర మామూలు దానికి ఎన్నో రెట్లు. 1980ల నడుమ తుపాకుల దిగుమతిని కేంద్రం కట్టడి చేసినప్పటి నుంచి విదేశీ సరుకు పేరున్న షూటర్లకే, అదీ అనుమతి కాగితాలతోనే. వాళ్లకు సుంకం మినహాయింపు ఉంది. పేరు రావాలంటే తూటాలు కాల్చాలి, తూటాలు కావాలంటే పేరుండాలి. ఊరి పిల్లకు ఈ ముడి విప్పేదెవరు?

మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. అది ఎయిర్ రైఫిల్‌లో వచ్చింది గానీ, అదే ఒలింపిక్స్‌లో ఆయన ఈ పాయింట్ టూ టూ రైఫిల్‌తోనూ పోటీ పడ్డాడు. మన ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఇదే తూటా పేల్చే పిస్టల్‌తో జట్టు స్వర్ణం, వ్యక్తిగత రజతం గెలిచింది. పండుకొని కాల్చే రైఫిల్ పోటీ ఒక్కదానికే అరవై తూటాలు, గురి సరిచూసుకునేవి అదనం. మాకు ఏడాదికి ఐదు! ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్ ఉంటే సైన్యంలో అధికారిగా చేరడానికి ప్రత్యేక ప్రవేశం ఉంది. మీలో ఎంతమంది ఆ సర్టిఫికెట్ కోసం తిరుగుతున్నారో మాకు తెలుసు. మీ కాలేజీలో ఏడాదికి ఎన్ని తూటాలు ఇస్తున్నారో అడగండి. కొలువుల సంగతి మాట్లాడేటప్పుడు ఇంత చిన్న లెక్క కూడా అడగాలి.

అమెరికాలో కొలువు చేసే మా మిత్రుడి కొడుకు ఇంకో సంగతి చెప్పాడు. అక్కడ ఇది కిరాణా సరుకులాగా దుకాణంలో దొరుకుతుంది. 2000ల మొదట్లో ఐదు వందల పైచిలుకు తూటాల డబ్బా పది డాలర్ల సుమారుకే వచ్చేదట. 2012 డిసెంబర్ 14న కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూటౌన్‌లో ఒక దుర్మార్గుడు బడిలో చొరబడి ఇరవై మంది పసిపిల్లల్ని, ఆరుగురు పెద్దల్ని చంపాడు. తుపాకుల మీద కొత్త చట్టాలొస్తాయని జనం తూటాల కోసం ఎగబడ్డారు. బడిలో పేలింది ఈ రకం తూటా కాదు, అయినా దుకాణాల్లో మొదట ఖాళీ అయినవాటిలో ఇదొకటి. 2013లో పెద్ద దుకాణాలు మనిషికి మూడు డబ్బాలకు మించి ఇవ్వలేదు, బయట అదే డబ్బా యాభై డాలర్లు దాటింది. నాలుగేళ్లకు దిగింది, 2020లో కరోనా భయంతో మళ్లీ ఎక్కింది. అక్కడ తూటా ధర భయంతో పెరుగుతుంది. పిల్లలు చచ్చిపోతే ధర పెరిగే సరుకు ఇంకేదైనా ఉందా?

సరే, మన దగ్గరికి వద్దాం.

1969 జనవరిలో ఖమ్మంలో, పాల్వంచలో మొదలైన మంట నెలలోపే అన్ని జిల్లాలకూ అంటుకుంది. జనవరి 24న సదాశివపేటలో కాల్పులు జరిగాయి. మేం తరగతులు విడిచి రోడ్ల మీదికొచ్చాం. ఎన్‌సీసీ దుస్తులు ఇంట్లో సందుగలోకి పోయాయి. మే 1న కోర్కెల దినం. చార్మినార్ నుంచి రాజ్‌భవన్‌కు ఊరేగింపు. నిషేధం ఉన్నా జనం ఆగలేదు. రాళ్లు పడ్డాయి, అబద్ధం చెప్పం. తర్వాత కాల్పులు.

అప్పటిదాకా మాకు తెలిసిన తుపాకి చప్పుడు రేంజి మీది చప్పుడు. ఎండు కట్టె విరిచినట్టు టక్కున ఉంటుంది. ఆ రోజు విన్నది అది కాదు. ఛాతీలో తగిలే చప్పుడు. ఆ కాలపు పోలీసుల దగ్గర పాయింట్ త్రీ నాట్ త్రీ రైఫిళ్లు, మస్కెట్లు ఉండేవి. త్రీ నాట్ త్రీ గుండు పదకొండు గ్రాముల పైన ఉంటుంది, పాత తులానికి కొంచెం తక్కువ. మేం ఇసుక మూట మీద చెయ్యి ఆనించి బోర్డు మీద కాల్చినదానికి నాలుగింతలు, వీధిలో మనుషుల మీదికి.

మేం ఒక సందులో దూరాం. చప్పుడు ఆగాక, జనం పడిపోయిన వాళ్లను రిక్షాల్లో ఎక్కిస్తుంటే సాయం పట్టాం. ఆ సందు మొగలో చెప్పులు, చిరిగిన జెండా గుడ్డ, మధ్యన మెరుస్తూ ఒక ఇత్తడి గొట్టం. మాలో ఒకడు అలవాటు కొద్దీ వంగి తీశాడు. ఉస్తాద్ నేర్పిన చెయ్యి అది, ఖోకా కనబడితే ఊరుకోదు. ఎవరికి అప్పగించాలో తెలియలేదు. జేబులో వేసుకున్నాం.

అది ఇప్పటికీ మా దగ్గర ఉంది. ఇదిగో. వెనక వరుసల వాళ్లకు కనబడదు, తర్వాత వచ్చి చూడండి. అడుగున చుట్టూ అక్షరాలు చెక్కి ఉన్నాయి. కే, ఎఫ్. కిర్కీ ఫ్యాక్టరీ అని. మహారాష్ట్రలో పుణె దగ్గరి ఖడ్కీని తెల్లోళ్లు కిర్కీ అనేవాళ్లు. అక్కడి కర్మాగారం 1869 నాటిది. అంటే ఈ తూటా పుట్టిన చోటు దాని ఒంటి మీదే రాసి ఉంది. పోయిన చోటు ఎక్కడా రాసి లేదు. ఖాళీ తూటా ఇంట్లో ఉంచుకోవడం నేరమా అని ఒక వకీలు మిత్రుణ్ని అడిగాం. నవ్వి, ఇన్నేళ్లకు అడుగుతున్నారా అన్నాడు.

ఇప్పుడు మా ప్రశ్న. పోలీసు నిబంధనల్లోనూ మా ఉస్తాద్ నిబంధనే ఉంది. కాల్పులు జరిగితే ఎన్ని తూటాలు ఇచ్చారో, ఎన్ని పేల్చారో, ఎన్ని మిగిలాయో, ఎన్ని ఖాళీ గొట్టాలు దొరికాయో రాయాలి. పై అధికారికి నివేదిక పోవాలి. మే 1న ఆ సందులో తుపాకి పట్టినవాడు కూడా సాయంత్రం ఎక్కడో ఒక రిజిస్టర్ ముందు నిలబడి ఉండాలి కదా. ఒక ఖోకా తక్కువైందని అతణ్ని ఎవరైనా అడిగారా? మమ్మల్ని గడ్డిలో మోకాళ్ల మీద వెతికించినట్టు అతణ్ని వెతికించారా? ఆ తక్కువ ఖోకా మా దగ్గర ఉంది. ఆ రిజిస్టర్ ఎక్కడుంది?

1952 ముల్కీ ఉద్యమంలో సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగితే జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ జరిపి నివేదిక ఇచ్చారు. దానితో ఏకీభవించినా లేకున్నా చేతిలో పట్టుకొని చదవడానికి ఒక కాగితం ఉంది. అరవై తొమ్మిదిలో చనిపోయినవాళ్లు 369 మంది అని మనం చెప్పుకుంటాం. గన్‌పార్క్‌లో స్తూపం దగ్గర ఏటా తల వంచుతాం. సర్కారు చెప్పిన అంకె దానికంటే చాలా తక్కువ. ఈ రెండు అంకెల నడుమ ఎంతమంది తల్లుల కొడుకులు ఉన్నారు? మనిషి లెక్కలో తగాదా ఉంటే తూటా లెక్క చూడాలి. తూటాకు రిజిస్టర్ ఉంటుంది, ధర ఉంటుంది, కొన్న పద్దు ఉంటుంది. ఉద్యోగ మిత్రులకు మేం చెప్పనక్కరలేదు, ట్రెజరీ నుంచి పైసా కదిలితే కాగితం పుడుతుంది. ఆ 1969లోనే కుమార్ లలిత్ కమిటీ 1956 నుంచి 1968 దాకా తెలంగాణ మిగులు నిధులు 34 కోట్ల 10 లక్షలని తేల్చింది. మన పైసలు మనకు ఖర్చు పెట్టలేదని ఒప్పుకున్న అంకె అది. అట్లాంటప్పుడు మన మీద పేల్చిన తూటాలు ఏ పద్దులో కొన్నారని అడగడం తప్పా?

ఇన్నాళ్లూ మనకు ఒక జవాబు సులభంగా దొరికేది. ఆంధ్ర పాలకులు దాచిపెట్టారని. నిజమే. కానీ 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. బీరువా తాళాలు మన చేతికి వచ్చాయి. రాష్ట్ర ఆర్కైవ్స్ తార్నాకలో ఉంది, ఉస్మానియా విద్యార్థులు నడిచిపోయే దూరం. 2023 జూన్ 22న హుస్సేన్ సాగర్ ఒడ్డున అమరుల స్మారకం ప్రారంభమైంది. మంచిదే, మేమూ పోయి చూశాం. కానీ అక్కడ వెలుగు ఎంత ఉన్నా మా ఖోకా లెక్క కనబడలేదు. మన ప్రభుత్వమే కదా అని మొహమాటపడితే, ఈ ప్రశ్న మాతోపాటే మట్టిలోకి పోతుంది. మాకు డెబ్బై ఐదేళ్లు.

ఇది పాత ముచ్చట అని కూడా అనుకోకండి. 2009 నవంబర్‌లో, 2010 ఫిబ్రవరిలో ఉస్మానియాలో బాష్పవాయువు, రబ్బరు తూటాలు ప్రయోగించారు. 2010 మే 28న మహబూబాబాద్ రైల్వే స్టేషన్ దగ్గర కాల్పులు జరిగాయి. అప్పుడు అక్కడున్న వాళ్లు ఈ సభలో ఉన్నారు. మీరు కూడా ఏదో ఒకటి ఏరి జేబులో వేసుకొనే ఉంటారు.

కొందరు మిత్రులు మమ్మల్ని భయపెట్టారు. లెక్క తీస్తే 369 కంటే తక్కువ తేలుతుందేమో, ఉద్యమానికి మచ్చ కదా అని. తేలనివ్వండి. ఒక్కటి తక్కువైతే పొద్దు గూకేదాకా వెతకాలని మాకు నేర్పారు, ఒక్కటి ఎక్కువ రాసుకోమని నేర్పలేదు. చనిపోయినవాళ్ల పేర్లు ఊరు, వీధి, తారీఖుతో ఒక పట్టీలోకి వస్తే, అది మూడు వందలైనా నాలుగు వందలైనా, ఆ ఇంటివాళ్ల ముందు నిలబడి చదవగలుగుతాం.

అందుకని ఒక పని పెట్టుకున్నాం. 2005 సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 8, ఉపవిభాగం 3 ఉంది. ఇరవై ఏళ్లు దాటిన సంఘటనల సమాచారం అడిగితే, దేశ భద్రత, శాసనసభ హక్కులు, మంత్రివర్గ పత్రాల వంటి కొన్ని మినహాయింపులు తప్ప, ఇవ్వవలసిందే. అరవై తొమ్మిదికి ఇరవై ఏళ్లు ఎన్నడో దాటాయి. ఒక దరఖాస్తు తయారు చేశాం. జిల్లాల వారీగా 1969లో కాల్పులు జరిగిన తేదీలు, ఆ రోజు ఇచ్చిన తూటాలు, పేల్చినవి, తిరిగి వచ్చిన ఖోకాలు, కాల్పులకు ఆజ్ఞ ఇచ్చిన అధికారి హోదా, ఆ తూటాల ఖర్చు పద్దు. రికార్డులు ధ్వంసం చేశాం అంటే, ఏ తేదీన, ఎవరి ఉత్తర్వు మీద చేశారో ఆ ఉత్తర్వు నకలు.

ఒక్క దరఖాస్తు వేస్తే ఒక్క గుమాస్తా పక్కన పెడతాడు. జిల్లాకొకటి పోవాలి. పాత జిల్లాల లెక్కన పది కట్టలు కట్టి వెనక బల్ల మీద పెట్టాం. రుసుము పది రూపాయలు. మీ ఊళ్లో కాల్పులు జరిగి ఉంటే ఇంట్లో పెద్దవాళ్లను అడిగి తారీఖు రాయండి, తెలియకుంటే ఖాళీ ఉంచండి, మేం నింపుతాం. సంతకం పెట్టేవాళ్లు ఈ గొట్టాన్ని కూడా చేతిలో పట్టుకొని చూసి పోండి. కానీ తిరిగి ఇవ్వండి. బల్ల దగ్గర కూర్చున్నది ఆ చొక్కావాడే, లెక్కపెట్టుకుంటాడు.